గోగునార నుంచి స్ప్రింగు దాకా: కళింగాంధ్రలో పడకల, ఆసనాల చట్రాల చరిత్ర

మనిషి బరువును మోసే ఏ పడకలోనైనా, ఏ ఆసనంలోనైనా మూడు అంగాలు కనిపిస్తాయి: ఆకారాన్ని నిలబెట్టే కొయ్య లేదా ఇనుప చట్రం, ఆ చట్రానికి బిగించి ఉండి బరువు పడినప్పుడు కొద్దిగా కుంగి మళ్ళీ పైకి లేచే ఆధారం, ఒంటికి తగిలే మెత్త. వీటిలో రెండో అంగం పనిని ఉక్కు స్ప్రింగుకు అప్పగించడం పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో స్థిరపడితే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అదే పనిని నారతో పేనిన నులక చేస్తూ వచ్చింది. ఒకటి పాత పద్ధతి, మరొకటి కొత్త పద్ధతి అని విడదీసి చెప్పడం పరిపాటి. అయితే చట్రం వైపు నుంచి చూస్తే రెండింటి సమస్యా ఒకటే. పైగా స్ప్రింగు సోఫా అడుగున బిగించే పట్టీ, స్ప్రింగులను కట్టే పురికొస, వాటిపై పరిచే గోనెగుడ్డ చాలాకాలం నార సరుకులే కావడం వల్ల, నారపంటకు పేరుపడిన ఈ ప్రాంతం ఆ ఆసనపు చరిత్రకు పూర్తిగా పరాయిది కాదు.

నులక మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు ఉంటాయి. కోడు అంటే మంచపు కాలు. పట్టె అంటే రెండు కోళ్ళను కలిపే కొయ్య. తుమ్మ, వేప, మద్ది వంటి గట్టి చేవగల కలపతో, స్తోమత ఉన్న ఇళ్ళలోనైతే టేకుతో, తరిమెన పట్టి నునుపు చేసిన కోళ్ళ తలల్లో బెజ్జాలు తొలిచి, సన్నగా చెక్కిన పట్టెల చివరలను వాటిలోకి దిగగొడతారు. ఒక్కొక్క కోడు తలలోకి రెండు పట్టెలు రెండు దిక్కుల నుంచి వచ్చి చేరతాయి గనుక, రెండు బెజ్జాలూ ఒకే ఎత్తులో ఎదురైతే కొయ్య డొల్లబారి చీలిపోతుంది; అందువల్ల ఒకదాన్ని కాస్త పైకి, మరొకదాన్ని కాస్త కిందికి తొలచడమో, ఒక పట్టె చివరను పొట్టిగా ఉంచడమో వడ్రంగి ముందుగానే నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఈ అతుకులకు మేకు అవసరం లేదు, జిగురూ అవసరం లేదు, ఎందుకంటే అల్లిక పూర్తయ్యాక నులక నాలుగు వైపుల నుంచీ పట్టెలను లోపలికి లాగుతూ, ఆ లాగుడుతోనే పట్టె చివరలు బెజ్జాల నుంచి ఊడిపోకుండా అదిమి ఉంచుతుంది.

అయితే అతుకును బిగించే ఆ లాగుడే పట్టెను వంచుతుంది. పొడవు పట్టెలు నడుమ భాగంలో లోపలికి వంగితే అల్లిక సడలి, పడుకున్న మనిషి గుంటలో పడినట్టు కుంగిపోతాడు; తెలుగువారు కుక్కిమంచం అని పిలిచేది ఇలా సడలిన మంచాన్నే. పొడవునా సమానంగా పరుచుకున్న లాగుడు కింద, అదే లావు గల కొయ్య పొడవు రెట్టింపైతే దాని వంపు పదహారు రెట్లు అవుతుందని బలాల శాస్త్రం చెబుతుంది. ఆ లెక్క కాగితం మీద వేయకపోయినా, నిలువు పట్టెను అడ్డపట్టె కంటే లావుగా తీసుకోవాలన్న ఎరుక వడ్రంగులకు ఉండేది. సడలికకు రెండో విరుగుడు అల్లికలోనే ఉంది: నులకను కాళ్ళవైపు పట్టె దాకా అల్లకుండా కొంత జాగా వదిలి, ఆ జాగాలో అల్లిక అంచుకూ పట్టెకూ మధ్య లావు తాడును పలుమార్లు తిప్పి బిగిస్తారు, ఆపైన అల్లిక వదులైనప్పుడల్లా మంచమంతా విప్పకుండా ఆ ఒక్క తాడును లాగి కడితే సరిపోతుంది. కొన్నేళ్ళు వాడాక స్ప్రింగు సోఫా సడలితే పై గుడ్డ విప్పి, మెత్త తీసి, కట్లన్నీ కోసి మొదటి నుంచీ కట్టుకు రావలసిందే. మరమ్మతు సౌలభ్యం విషయంలో నులక మంచానిదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు.

మంచం కింద ఏ అడ్డమూ లేకుండా బోసిగా ఉండటం కూడా ఈ నిర్మాణపు లక్షణమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంలో, మధురవాణి ఇంటి మంచం కింద రామప్పంతులు, గిరీశం ఇద్దరూ దూరవలసి వచ్చిన హాస్య రంగం తెలుగు పాఠకులకు సుపరిచితం; అడుగున స్ప్రింగుల పెట్టె ఉన్న పడక అయి ఉంటే ఆ రంగమే సాగేది కాదు. ఆధారమంతా పట్టెల మట్టంలోనే ఇమిడిపోవడం వల్ల కింద గాలి ఆడుతుంది, నులక సందుల గుండా అది ఒంటికి తగులుతుంది. ఉక్కపోతతో అల్లాడే ఈ తీరంలో అది చిన్న సుఖం కాదు.

నులకకు కావలసిన నార ఈ నేలలోనే పండింది. వృక్షశాస్త్రంలో హైబిస్కస్ కన్నాబినస్ అని పేరున్న గోగును, దాని దగ్గరి జాతి హైబిస్కస్ సబ్దారిఫాను కలిపి వ్యాపార భాషలో మెస్తా అంటారు. వానాకాలపు తొలి జల్లులకు చల్లిన పైరు నాలుగు నెలలు దాటి పూతకు వచ్చే వేళ కోసి, కట్టలు కట్టి, చెరువు నీటిలో బరువుల కింద ఊరవేస్తే, రెండు మూడు వారాల్లో బెరడులోని జిగురు కుళ్ళి నార పుల్ల నుంచి విడివడుతుంది. ఊరింది తక్కువైతే నార పుల్లను అంటుకుని వస్తుంది, ఎక్కువైతే బలం చచ్చిపోతుంది; కనుక నులక మన్నిక చాలా వరకు చెరువు గట్టునే తేలిపోతుంది. ఉతికి ఆరవేసిన నారను పాయలుగా తీసి పురిపెట్టి, పురిపెట్టిన పాయలను ఎదురు మెలికతో కలిపి పేనడం పొలం పని లేని రోజుల్లో ఇంటి పట్టున సాగే పని. ఎదురు మెలిక వల్ల ఒక పాయ విడిపోబోతే రెండో పాయ దాన్ని అడ్డుకుంటుంది, తాడు తనంతట తాను విచ్చుకోదు.

గోగునార ఇంటి వాడకాన్ని దాటి ప్రపంచ వ్యాపారంలోకి ప్రవేశించిన ద్వారం భీమునిపట్నం. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు స్థావరం ఏర్పరచుకొని, 1825లో ఇంగ్లీషువారి వశం చేసిన ఈ రేవు నుంచి ఎగుమతి కావడం వల్లే ఇక్కడి గోగునారకు అంతర్జాతీయ విపణిలో బిమ్లీపటం జూట్ అనే పేరు స్థిరపడింది. గోస్తని ఒడ్డున చిట్టివలసలో, చంపావతి ఒడ్డున నెల్లిమర్లలో వెలసిన జూటు మిల్లులు చుట్టుపక్కల పల్లెల నారను దారంగా, గోనెగుడ్డగా, సంచులుగా మార్చాయి. 1933లో విశాఖపట్నం హార్బరు ప్రారంభమయ్యాక భీమిలి రేవు వెలవెలబోయినా, పంట మాత్రం ఆగలేదు. పైగా 1947 విభజనతో మేలురకం జూటు పండే తూర్పు బెంగాల్ పొలాలు పాకిస్తాన్ వైపు పోయి, మిల్లులు చాలా వరకు భారతదేశంలోనే మిగిలిపోవడంతో, ఆ కొరతను తీర్చే ప్రత్యామ్నాయంగా మెస్తాకు గిరాకీ పెరిగింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన మెస్తా వంగడాలకు ఆ ఊరి పేరును సూచించే ఏఎంవీ అనే గుర్తు నేటికీ ఉంది.

ఇంతలో ఐరోపాలో ఆసనం రూపం మారిపోయింది. 1828లో లండన్‌లో శామ్యూల్ ప్రాట్ అనే తయారీదారు చుట్టల స్ప్రింగును కుర్చీలకు, పరుపులకు వాడే విధానానికి పేటెంటు పొందాడు. 1871లో జర్మనీకి చెందిన హైన్‌రిష్ వెస్ట్‌ఫాల్ స్ప్రింగుల పరుపును రూపొందించాడు. రెండు కొసల్లో వెడల్పుగా, నడుమ సన్నగా డమరుకం ఆకారంలో ఉండే చుట్ట ఈ ఆసనాలకు బాగా కుదిరింది, ఎందుకంటే వెడల్పు చుట్లు తేలికపాటి బరువుకే కుంగుతాయి, బరువు పెరిగిన కొద్దీ నడుమ ఉన్న ఇరుకు చుట్లు గట్టిగా అడ్డుకుంటాయి. కూర్చున్న తొలి క్షణంలో మెత్తగా, పూర్తిగా కూర్చున్నాక గట్టిగా అనిపించే సోఫా గుణం అక్కడి నుంచి వచ్చిందే.

చుట్టల స్ప్రింగు బిగువు మూడు కొలతల మీద ఆధారపడుతుంది. తీగ మందం పదో వంతు పెరిగితే బిగువు దాదాపు 46 శాతం పెరుగుతుంది. చుట్టు వ్యాసం పదో వంతు పెరిగితే బిగువు దాదాపు పాతిక శాతం తగ్గుతుంది. చుట్ల సంఖ్య ఎంత పెరిగితే స్ప్రింగు అంత మెత్తబడుతుంది. తీగ మందంలో కంటికి ఆనని తేడా కూడా ఆసనాన్ని రాయిలా మార్చగలదని దీని భావం. 72 కిలోల మనిషి తొమ్మిది స్ప్రింగుల ఆసనం మీద కూర్చుంటే, సమానంగా పంచుకున్నప్పుడు ఒక్కొక్క స్ప్రింగు మీద 8 కిలోలు పడాలి. వాస్తవంలో నడుమ స్ప్రింగుల మీద ఎక్కువ, అంచుల్లోని వాటి మీద తక్కువ పడుతుంది. ఆ అసమానతను తగ్గించడానికే ప్రతి స్ప్రింగు పై చుట్టును ఎనిమిది దిక్కుల్లో, అంటే ముందు వెనుకలకు, కుడి ఎడమలకు, నాలుగు మూలలకు, పురికొసతో పక్క స్ప్రింగులకూ చట్రానికీ ముడివేస్తారు. ఇలా కట్టిన స్ప్రింగు పక్కకు ఒరగదు, ఒకటి కుంగితే దాని పొరుగువి కూడా ఆ బరువులో పాలు పంచుకుంటాయి.

ఈ స్ప్రింగులు నిలిచేది దేని మీద అన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం. చట్రం అడుగున రెండంగుళాల వెడల్పు గల నార పట్టీలను నిలువునా అడ్డంగా ఒకదానిలో ఒకటి అల్లి, బిగలాగి మేకులు కొట్టి, ఆ కూడళ్ళ మీద స్ప్రింగు అడుగు చుట్టును కుట్టేవారు. ఇది నిజానికి తలకిందులు చేసిన నవారు మంచం. పైన ముడులకు పురికొస, దానిపైన గోనెగుడ్డ, ఆ పైన గుర్రపు వెంట్రుకలో కొబ్బరిపీచో పరిచి, మళ్ళీ గుడ్డ కప్పి ముగించేవారు. జూటు జాతి నారలు తెగే ముందు రెండు శాతానికి మించి సాగవు. కనుక సాగకూడని చోట, అంటే పట్టీలోనూ కట్టులోనూ, అవి బాగా కుదిరాయి. కొబ్బరిపీచు అందుకు విరుద్ధంగా తెగే ముందు దాదాపు పాతిక శాతం దాకా సాగుతుంది, నలిగినా మళ్ళీ విప్పారుతుంది. కనుక అది మెత్తకు సరిపోయింది. సాగని గోగు విజయనగరం, శ్రీకాకుళం మెట్టపొలాల్లోనూ, సాగే పీచు కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఉద్దానం కొబ్బరితోటల్లోనూ లభించడం చూస్తే, సోఫాకు కావలసిన రెండు విరుద్ధ గుణాలు గల నారలూ ఒకే తీరంలో దొరికాయన్నమాట. ఉక్కుకు బలమిచ్చే మాంగనీసు ఖనిజం తవ్వకం భారతదేశంలో తొలిసారి 1892లో మొదలైంది కూడా ఈ విజయనగరం సీమలోనే, గర్భాం, కోడూరు గనుల ప్రాంతంలో. ఇన్ని ముడిసరుకులు ఇక్కడి నుంచి ఓడలెక్కినా, స్ప్రింగు చుట్టే పరిశ్రమ మాత్రం ఇక్కడ పుట్టలేదు. వలస ఆర్థిక విధానం గురించి రాసే పుస్తకాల్లో సోఫాకు చోటు దొరకదు గానీ, ఆ విధానానికి అది ఏమంత చెడ్డ ఉదాహరణ కాదు.

విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల దివాణాల్లోకీ, దొరల బంగళాల్లోకీ, ఆ తర్వాత ప్లీడర్ల, డాక్టర్ల ఇళ్ళ ముందుగదుల్లోకీ ఐరోపా పద్ధతి ఆసనాలు వచ్చినప్పుడు స్థానిక వడ్రంగికి ఎదురైన సమస్య పాతదే, కాకపోతే ఇంకాస్త ముదిరింది. అడుగు పట్టీలు ఒకవైపు, ఎనిమిది దిక్కుల కట్లు మరొకవైపు చట్రాన్ని లోపలికి లాగుతాయి. ఆ పైన మనిషి కూర్చున్న ప్రతిసారీ లాగుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మంచంలో ఆ లాగుడు అతుకును బిగించింది. సోఫాలో మాత్రం ముందు పట్టె వెనుకకు ఆనుకునే ఆసరా లేక, మూల అతుకులను మెలిపెడుతుంది. అందుకే మూలల్లో మూడు కోణాల దిమ్మలు చెక్కి, జిగురు పెట్టి, మరలు బిగించడం తప్పనిసరి అయింది. పట్టెకు వరుసగా మేకులు దిగుతాయి గనుక చీలని కలపను ఎంచుకోవడం కూడా అవసరమైంది; మంచానికి ఎంతో పనికివచ్చే తుమ్మ వంటి బిరుసు కొయ్య ఇక్కడ అంతగా కలిసిరాదు. దీనికి తోడు సముద్రపు ఉప్పుగాలి తీగనూ మేకునూ తుప్పుపట్టిస్తుంది, తుప్పు తిన్న తీగ పురికొసను కోసేస్తుంది. తీరప్రాంతపు ఇళ్ళలో పేము కుర్చీ, గుడ్డ వేలాడదీసిన పడకకుర్చీ ఎక్కువకాలం నిలదొక్కుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆధారపు సరుకులు త్వరత్వరగా మారాయి. పట్టెకు పట్టెకు మధ్య బల్లపరుపుగా బిగించే వంకీల తీగ, అంటే జిగ్‌జాగ్ స్ప్రింగు, ఎనిమిది కట్ల పనిని అక్కర లేకుండా చేసింది. సాగే రబ్బరు పట్టీ అయితే స్ప్రింగునే తొలగించింది. పాలీయురెథేన్ ఫోము మెత్తను కారుచౌక చేసింది. పల్లె మంచాల మీద నులకకు బదులు నూలు నవారు, దాని స్థానంలో నైలాను నవారు, కొయ్య పట్టెకు బదులు ఇనుప గొట్టం వచ్చాయి. ఇనుప గొట్టం లోపలికి వంగదు, నైలాను నీటికి కుళ్ళదు. కానీ చెమట పీల్చే గుణం నైలానుకు లేదు, వేసవి రాత్రి ఆ తేడా వీపుకు వెంటనే తెలుస్తుంది.

మిల్లుల ఒడుదొడుకులతో, మొక్కజొన్న వంటి పైర్ల పోటీతో గోగు సాగు తగ్గుతూ వచ్చింది. కొబ్బరిపీచుది వేరే కథ. 1953 నాటి కాయిర్ పరిశ్రమ చట్టంతో కాయిర్ బోర్డు ఏర్పడ్డాక, పీచును ఉంగరాలు తిప్పి రబ్బరు పాలు చల్లి వేడితో గట్టిపరచిన రబ్బరు కాయిరు పరుపులు దేశమంతటా వ్యాపించాయి. ఒక్కొక్క పీచూ ఒక చిన్న స్ప్రింగులా పనిచేసే ఈ పలకకు కింద బల్ల చెక్క చాలు, లాగుడు లేదు, పట్టె వంగే భయం లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిచెట్లను లెక్కకు మిక్కిలిగా కూల్చివేసింది. నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ళు పట్టడం వల్ల, ఆ దెబ్బ కాయల ఆదాయంతో ఆగక పీచు పనివారి దాకా పాకింది.