పెర్రీ మేసన్ టెలివిజన్ చిత్రాలు

అమెరికన్ టెలివిజన్‌లో సుదీర్ఘంగా సాగిన కోర్టు కథల వరుస. నిర్దోషి మీద హత్యానేరం పడటం, డిఫెన్స్ లాయర్ పెర్రీ మేసన్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు హంతకుణ్ణి బయటికి లాగడం వీటి అల్లిక. ఇందులో ఆఖరి చిత్రం 1995 ఏప్రిల్ 10న ఎన్‌బీసీ ప్రసారం చేసిన 'ది కేస్ ఆఫ్ ది జెలస్ జోక్‌స్టర్'. అందులో మేసన్ కనిపించడు.

కాలిఫోర్నియాలో లాయరుగా పనిచేసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ 1933లో తొలి మేసన్ నవల ప్రచురించాడు. రేమండ్ బర్ నాయకుడిగా సీబీఎస్ ధారావాహిక 1957 నుంచి 1966 వరకు 271 భాగాలు నడిచింది; చివరి భాగంలో గార్డ్‌నర్ స్వయంగా జడ్జి వేషం వేశాడు. 1973లో వేరే నటుడితో మొదలైన ధారావాహిక ఏడాది తిరగకుండానే ఆగిపోయింది.

1985 డిసెంబర్ 1న 'పెర్రీ మేసన్ రిటర్న్స్'తో బర్ తిరిగి వచ్చాడు. హత్యకేసులో ఇరుక్కున్న తన పాత సెక్రటరీ డెల్లా స్ట్రీట్ తరఫున వాదించడానికి మేసన్ జడ్జి పదవినే వదులుకుంటాడు. డిటెక్టివ్ పాల్ డ్రేక్‌గా నటించిన విలియం హాపర్ 1970లోనే మరణించడంతో డ్రేక్ కొడుకు పాత్రను కల్పించారు. దాన్ని పోషించిన విలియం కాట్, డెల్లా పాత్రధారిణి బార్బరా హేల్‌కు సొంత కొడుకు. తొమ్మిది చిత్రాల తరువాత ఆ స్థానంలోకి విలియం ఆర్. మోజెస్ యువ లాయరు కెన్ మలాన్‌స్కీగా వచ్చాడు.

బర్ క్యాన్సర్‌తో బాధపడుతూనే తన 26వ చిత్రం 'ది కేస్ ఆఫ్ ది కిల్లర్ కిస్' పూర్తిచేశాడు. 1993 సెప్టెంబర్ 12న కన్నుమూశాడు. చిత్రం నవంబర్ 29న ప్రసారమైంది. నిర్మాతలు ఆ పాత్రను మరొకరికి ఇవ్వలేదు, కథలో చంపనూ లేదు. మేసన్ ఊళ్లో లేడని చెప్పి, 'ఎ పెర్రీ మేసన్ మిస్టరీ' అనే పేరు కింద మరో నాలుగు చిత్రాలు తీశారు. నటుడి పట్ల ఇది మర్యాదైన నిర్ణయం. డిసెంబర్ 17న వచ్చిన మొదటిదానిలో పాల్ సోర్వినో ఆంథొనీ కరూసో అనే లాయరుగా, 1994-95 నాటి తక్కిన మూడింటిలో హాల్ హోల్‌బ్రుక్ 'వైల్డ్ బిల్' మెకెంజీగా వాదించారు. ఇద్దరూ సమర్థులే. అయినా ఆ చిత్రాలను మేసన్ కథలుగా నిలబెట్టింది హేల్. 1957 నాటి తొలి భాగం కాలం నుంచీ ఉన్న ఆమె మొత్తం 30 చిత్రాల్లోనూ డెల్లాగా నటించింది.

'జెలస్ జోక్‌స్టర్' తరువాత ఈ వరుస ఆగిపోయింది. 2020లో హెచ్‌బీఓ మాథ్యూ రీస్‌తో మొదలుపెట్టిన ధారావాహిక కొత్త తారాగణంతో తీసిన వేరే కథ.