గోల్కొండ ఇంటి పోరు

మొన్న ఒక శుక్రవారం రాత్రి, భోజనాలయ్యాక, ఇక్కడే అహ్మదిలో ఒక మిత్రుల ఇంట్లో ‘గాడ్‌ఫాదర్’ చిత్రం చూశాము. 1972 నాటిదైనా పెద్ద పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ముసలి తండ్రి, పీఠం కోసం కొడుకులు, నడుమ రక్తపాతం. అయిపోయాక ఒక కుర్రవాడు, “బాబాయిగారూ, ఇలాంటి కుటుంబాలు మన చరిత్రలో లేవా?” అని అడిగాడు. మేము తడుముకుని రాయలసీమ ఫ్యాక్షన్ సినిమాల పేర్లు రెండు చెప్పి తప్పించుకున్నాము. ఇంటికి వచ్చాక గాని గోల్కొండ గుర్తు రాలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాము.

గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ మనలాగే వలస వచ్చినవాడు. పర్షియాలోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చి, బహమనీల కొలువులో మెట్టు మెట్టుగా ఎక్కి తెలంగాణానికి అధికారి అయ్యాడు. బహమనీ రాజ్యం చితికిపోగా 1518 నాటికి తానే ప్రభువైనాడు. అంతవరకు అందరూ మెచ్చే కథే. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఆయనకు తొంభై ఏళ్లు పైబడినా పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఎదురుచూసి ఎదురుచూసి కొడుకుల గడ్డాలు నెరిశాయి. పెద్దవాడు కుత్బుద్దీన్ వారసుడన్నారు. జంషీద్‌ను అనుమానించి చెరలో పెట్టారు.

1543లో గోల్కొండ మసీదులో ప్రార్థనలో ఉండగా ముసలాయనను చంపారు. కత్తి దూసినవాడు కోట అధికారి మీర్ మహమూద్ హమదానీ. దూయించినవాడు జంషీద్ అని చరిత్రకారులు రాశారు. సింహాసనమెక్కిన జంషీద్ అన్నగారి కళ్లు తీయించాడు. గుడ్డివాడు పీఠానికి పోటీ రాడు కదా! తమ్ముడు ఇబ్రహీం ముందు బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు.

పితృహంతకుణ్ణి వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. కాని పీఠం ఎప్పుడు, ఎవరికి అన్నది తేల్చే కట్టుబాటు ఆ ఇంట్లో లేదు. కువైట్ వారు 1962 నాటి రాజ్యాంగంలో, కొత్త అమీరు వచ్చిన ఏడాదిలోగా వారసుణ్ణి నిర్ణయించాలని రాసుకున్నారు. రాత ఉంటే కలహాలు ఉండవని కాదు గాని, లేనిచోట కత్తే రాత అవుతుంది. (మన సంఘంలో ఇరవై ఏళ్లుగా మైకు వదలని పెద్దలున్నారు. అందులో మేమూ ఒకరమని మా అబ్బాయి అంటాడు. ఆ సంగతి మరోసారి.)

విజయనగరంలో అళియ రామరాయలు ఇబ్రహీంకు ఏడేళ్లు ఆశ్రయమిచ్చాడు. మన భాషతో అతనికి చెలిమి కుదిరింది అక్కడే. 1550లో జంషీద్ జబ్బు చేసి పోయాడు. అతని పసికొడుకును గద్దెనెక్కించి పెద్దలు పెత్తనానికి కొట్టుకుంటుంటే, కోటలు కాసే తెలుగు నాయక్వాడీలు ఇబ్రహీం పక్షాన నిలిచారు. అతనికి విధేయులమై ఉంటామని కోయిలకొండలో తెలుగులో శాసనమే వేయించారు.

ఈ ఇబ్రహీమే మన కవుల ‘మల్కిభరాముడు’. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఇతనికే. ఇతని అధికారి అమీన్‌ఖానుకు పొన్నగంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యం అంకితమిచ్చాడు. దాని పేరు ‘యయాతి చరిత్ర’. శాపం వల్ల ముసలితనం మీద పడితే, కొడుకు యౌవనాన్ని అడిగి పుచ్చుకున్న తండ్రి కథ! ముదుసలి సుల్తాను హత్య జరిగిన రాజ్యంలో కవికి ఆ కథే ఎందుకు తోచిందో గాని, వినేవాళ్లలో కొందరైనా తలలు దించుకుని ఉంటారని మా ఊహ.

అటు విజయనగరంలో రామరాయలూ అదే దారి పట్టాడు. కృష్ణదేవరాయల అల్లుడు. పేరుకు సదాశివరాయలు రాజు, పెత్తనమంతా ఈయనది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు బిజాపూరు అలీ ఆదిల్‌షా పరామర్శకు వస్తే, రామరాయల భార్య అతణ్ణి కొడుకుగా చేసుకుందని ఫెరిష్తా రాశాడు. ఒకడు ఆశ్రయం పొందినవాడు, ఒకడు పెంపుడు కొడుకు వరస. కాని రాయలు వయసు మీరిన కొద్దీ ఇద్దరినీ తన చెప్పుచేతల్లో ఉంచబోయాడు, కోటలు లాక్కున్నాడు. 1565 జనవరిలో, తలికోట యుద్ధమని మనం చెప్పుకునే రణరంగంలో, ఇద్దరూ అవతలి పక్షాన నిలిచారు. ముసలి రామరాయల తల తెగింది. హంపీ ఏమైందో మీకు తెలిసిందే.

ఇబ్రహీం ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడా, తన రాజ్యం కాపాడుకున్నాడా? మా ఇంట్లో ఈ ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. పిల్లలంతా ఒక పక్షం.

వేసవి సెలవుల్లో ఈసారి హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ కుర్రవాణ్ణి కుతుబ్‌షాహీ సమాధుల తోటకు తీసుకువెళ్లమని వాళ్ల నాన్నగారికి చెప్పాము. సుల్తాన్ కులీ సమాధి, ఆయనను చంపించిన కొడుకు సమాధి ఒకే తోటలో ఉన్నాయి. కొడుకుది ఎనిమిది మూలల కట్టడం, రెండంతస్తులు. దాని మీద శాసనం లేదు.