చలికాలపు శాలువా - పేరు దక్కని చేతులు

మన సభలలో పెద్దలను సన్మానించేటప్పుడు భుజాలపై శాలువా కప్పడం ఆనవాయితీ. తరచు ఆ శాలువా అంచున మామిడిపిందెల వరుస ఉంటుంది. మొన్న తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు ఆ పిందెను చూపి, "మాస్టారూ, ఇది పేస్లీ కదా?" అని అడిగాడు. "కాదు నాయనా, మామిడిపిందె" అన్నాము. "మరి పేస్లీ అనే పేరు ఎక్కడిది?" అని మరల అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే రెండు వందల యేండ్ల క్రిందటి ఐరోపా చలికాలానికి వెళ్ళాలి.

1789లో మొదలైన ఫ్రెంచి విప్లవం తరువాత ఐరోపా స్త్రీల వేషం మారిపోయింది. బరువైన పట్టు గౌనులు, వాటిని గొడుగువలె నిలిపే కమ్ములు వెనుకబడ్డాయి. ప్రాచీన గ్రీకు శిల్పాలవలె రొమ్ముక్రిందనే నడుము కట్టు, అక్కడినుండి పాదాలదాకా జారే తెల్లని సన్నబట్ట - ఇదే కొత్త మోజు. ఆ సన్నబట్టలలో మేలైనది బెంగాలు మస్లిను. మన ఎండలకు తగిన ఆ బట్టను లండను, పారిసు నగరాల మంచులో కట్టుకొంటే చలి ఆగుతుందా? ఆగదు. కాబట్టి పైన వేసుకొనేవాటికి గిరాకీ పెరిగింది.

వాటిలో ఒకటి స్పెన్సరు. ఇది ఎత్తైన నడుముకట్టు దగ్గరనే ఆగే పొట్టి కోటు. చేతులు మాత్రం పొడుగు. ఇంగ్లండులోని స్పెన్సరు ప్రభువు పేరు దానికి వచ్చింది. రెండవది పెలీస్ అనే పొడుగు కోటు. చలికాలంలో దానికి లోపల గొర్రె ఉన్నిగాని, జంతువుల బొచ్చుగాని వేసి కుట్టేవారు. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌దిగా చెప్పే గోధుమరంగు పట్టు పెలీస్ ఒకటి ఇప్పటికీ ఇంగ్లండులోని హాంప్‌షైరులో భద్రంగా ఉన్నది. దానిపై ఓక్ ఆకుల నమూనా ఉంటుంది. చేతులు వెచ్చగా ఉంచుకొనడానికి మఫ్ అనే బొచ్చు గొట్టంలో రెండు చేతులూ దూర్చుకొనేవారు. పల్లెపడుచులకు మాత్రం ముసుగు కలిగిన ఎర్రని ఉన్ని అంగీయే గతి.

వీటన్నిటినీ మించినది కాశ్మీరు శాలువా. 1798లో నెపోలియను ఈజిప్టుపై దండెత్తినప్పుడు ఆయన సైనికాధికారులు అక్కడి బజార్లలో దొరికిన శాలువాలను ఇంటికి పంపారు. అప్పటినుండి పారిసులో వాటి మోజు పెరిగింది. నెపోలియను భార్య జోసెఫీను వాటిని ఎన్నో కూడబెట్టింది. గ్రో అనే చిత్రకారుడు 1809 ప్రాంతంలో చిత్రించిన పటంలో ఆమె శాలువా గుడ్డతోనే కుట్టిన గౌను ధరించి కనిపిస్తుంది.

ఆ శాలువాకు మూలం 4,000 మీటర్లకు పైగా ఎత్తున, లడఖు, టిబెట్టు బయళ్ళలో మేసే మేకలు. అక్కడి చలికి తట్టుకొనడానికి వాటికి పైవెండ్రుకల క్రింద మెత్తని నూగు పెరుగుతుంది. దానిని కాశ్మీరుకు తెచ్చేవారు. అక్కడ స్త్రీలు ఇండ్లలో కూర్చుండి, గరుకు వెండ్రుకలు ఏరి, మెత్తని నూగును రాట్నంపై వడికేవారు. మగవారు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చిన్న కర్రకండెతో పిందెను పోగుపోగుగా నేసేవారు. పనితనం ఎక్కువగల శాలువాకు ఏడాదికి పైగా పట్టేది.

ఐరోపా చలికాలంలో ఒక స్త్రీ భుజాన్ని కాచినది, కాశ్మీరులో మరొక స్త్రీ వేళ్ళు తీసిన నూలు. కప్పుకొన్న జోసెఫీను పేరు చరిత్రలో ఉన్నది. వడికిన ఆమె పేరు లేదు.

ఆ పనిని చూచి ఇంగ్లండులోని నార్విచ్, స్కాట్లండులోని ఎడింబరో నగరాలవారు అనుకరణ శాలువాలు నేశారు. 19వ శతాబ్దపు తొలి యేండ్లనుండి స్కాట్లండులోని పేస్లీ అనే ఊరు కూడా ఆ పనికి దిగి అందరినీ మించింది. మామిడిపిందెకు ఆ ఊరి పేరే అంటుకొన్నది. పిల్లవానికి మేము ఇచ్చిన జవాబు ఇదే.

మన తెలుగుతీరానికీ ఇట్లే జరిగింది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఇంగ్లీషువారి వర్తకస్థావరం ఉండేది. ఆ ఊరి పేరే 'మడపోలం' అని ఒక తెల్లని నూలుబట్టకు వచ్చింది. తరువాత ఇంగ్లండు మరలపై నేసిన బట్టకూ అదే పేరు. పేరు సముద్రం దాటింది, మగ్గం దాటలేదు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం రావడంతో శాలువాల బేరం పడిపోయింది. అటుపై మోజుకూడా మారింది. పారిసులో పెట్టె మూసినంత తేలికగా కాశ్మీరులో పొయ్యి ఆరిపోయింది.

ఇది మనకేమి అని అనుకొనరాదు. 1860 నుండి 1911 వరకు నేటాలుకు 1,52,184 మంది కూలి ఒప్పందంపై వచ్చారు. తోటలలో వారు పండించిన చెరకు పంచదారయింది. దానిని టీలో కలుపుకొన్నవారు ఆ చేతులను ఎరుగరు. అయితే ఒక్క విషయంలో మనం అదృష్టవంతులము. ఓడల జాబితాలలో మన అవ్వలకు నంబరుతోపాటు పేరు, ఊరు వ్రాసి ఉన్నవి. గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసినా, ఆ పేరు ఉన్నది. కాశ్మీరులో నూలు వడికిన స్త్రీకి అదికూడా దక్కలేదు.

కనుక మా మనవి ఒక్కటే. ఈసారి సభలో శాలువా కప్పేముందు, ప్రతి కుటుంబమూ మొదట ఓడ దిగిన తమ అవ్వ పేరును సరియైన తెలుగులో వ్రాసి తీసుకొనిరావాలి. ఆ పేర్లను పిల్లలచేత చదివిద్దాము. శాలువా ఆ తరువాత కప్పుదాము.