త్రిపురాంతక సీమలో అశ్వవిద్య

మార్కాపురమనగానే పలకరాయియు, కంభమనగానే చెఱువును, గిద్దలూరనగానే నల్లమల కనుమలును స్ఫురించుట సహజము. కాని ఈ మెట్టసీమ ఒకప్పుడు పేరెన్నికగన్న అశ్వసేనాపతుల యేలుబడిలో నుండెనని ఎఱిగినవారు కొద్దిమంది. అందులకు సాక్ష్యము దూరమున లేదు. శ్రీశైలమునకు తూర్పు ద్వారమైన త్రిపురాంతకమున, ఆలయశాసనములలోనే యున్నది.

కాకతీయ గణపతిదేవుని కొలువున గంగయ సాహిణి యను కాయస్థ వీరుడుండెను. ఇచ్చట కాయస్థులనగా వ్రాయసకాండ్రు కారు, కత్తిపట్టిన యోధులు. సాహిణి యనగా గుఱ్ఱములను తీర్చి దిద్దువాడు, అశ్వసేనను నడపువాడు. గణపతిదేవుడు అతనిని తురగసాధనికునిగా, అనగా అశ్వసేనాపతిగా నియమించి, రాజ్యపు దక్షిణభాగమున విశాలమైన సీమను అతని పాలన క్రింద నుంచెను. గంగయ పిమ్మట అతని మేనల్లుళ్లు జన్నిగదేవుడు, త్రిపురారి, అంబదేవుడు వరుసగా ఆ యధికారమును వహించిరి. వారిలో అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగబడి స్వతంత్రుడయ్యెను. 1290 నాటి త్రిపురాంతక శాసనము అతని విజయములను ఏకరువు పెట్టుచున్నది. ఏ బలము కాకతీయ సింహాసనమునకు అండగా నిలిచెనో, ఆ బలమే దానికి ఎదురు తిరిగినది.

గుఱ్ఱమున కింత విలువ యేల కలిగెను? మేలుజాతి గుఱ్ఱములు దక్షిణదేశమున అరుదు. అవి అరేబియా, పారశీక దేశముల నుండి ఓడలలో రావలసియుండెను. అంబదేవుని కాలముననే దక్షిణభారతమునకు వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, పాండ్యదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరనియు, పోషణ తెలియక వానిలో అధికభాగము మరణించుచుండెననియు వ్రాసెను. అంతియగాదు, అశ్వవైద్యులు ఈ దేశమునకు రాకుండ వర్తకులు అడ్డుపడుచుండిరనియు అతడు తెలిపెను. గుఱ్ఱములు చచ్చిననే గదా మరల బేరము! జంతువును అమ్మిరి గాని విద్యను అమ్మలేదు.

కావున అశ్వవిద్య యనగా కేవలము స్వారి కాదు. కళ్లెము, జీను, అంకవన్నెలు అమర్చుట; రౌతు తొడల ఒత్తిడిని గుఱ్ఱమునకు తెలియునట్లు అలవరచుట; ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను అయిదు గతులను నేర్పుట; రాతినేలపై డెక్క చెడకుండ లాడము కొట్టుట; ఉలవలు ఉడికించి మితముగా పెట్టుట; చెమట ఆరకముందు నీరు త్రాగనీయకుండుట—ఇవన్నియు కలిసిననే ఆ విద్య పూర్ణమగును. రౌతు వెనుక పలువురి శ్రమ కలదు.

ఈ సత్యమును విజయనగర ప్రభువులు గ్రహించిరి. ఏనుగులను, గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండ చూచుకొనవలెనని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పెను. సరుకును చేజిక్కించుకొనుట రాజుల పని. విద్యను చేజిక్కించుకొనుట పండితుల పని. ఆ యుగముననే మనుమంచి భట్టు అశ్వలక్షణములను తెలుగు పద్యములలో శాస్త్రముగా రచించెను. శాలిహోత్రుని పేర సంస్కృతమున ప్రసిద్ధమైన విద్య ఆ విధముగా తెలుగువారికి సొంతమైనది. వర్తకులు దాచిన దానిని గ్రంథము వెల్లడించినది.

కాలము మాఱినది. నందికనుమ దారిని గుఱ్ఱములపై సాగిన ప్రయాణములు రైలు రాకతో తగ్గి, మోటారుల రాకతో నశించినవి. 1970లో ఈ తాలూకాలు కర్నూలు జిల్లాను వీడి ఒంగోలు జిల్లాలో చేరునాటికి గుఱ్ఱము పెండ్లి ఊరేగింపులకు, జట్కాబండికి మాత్రమే మిగిలియుండెను. సాహిణుల పేరులు శిలలపై నిలిచినవి. గడ్డికోసిన వాని పేరు, లాడము కొట్టిన వాని పేరు ఏ శిలయు చెప్పదు. వారి నేర్పులో గ్రంథస్థమైనంత మేరకే నేడు మనకు దక్కినది. తక్కినది వారితోనే పోయినది.

గ్రామమున గ్రంథాలయము యొక్క ప్రయోజనము ఇదియే. పలకరాయిని చీల్చు నేర్పు, చెఱువు తూము నెత్తి నీరు పంచు క్రమము, ఎద్దును సేద్యమునకు మరపు విధము—ఇవి యెఱిగిన పెద్దలు మన నడుమ నున్నపుడే వ్రాసి పదిలపఱుపవలెను. వ్రాసిన విద్య ఊరిసొత్తు; వ్రాయని విద్య ఒక్క ఆయువునకు మాత్రమే సొత్తు.