అగ్గిపెట్టెంత ట్యాంకు, అట్టముక్కంత బెంగాల్: గరీబ్‌పూర్ యుద్ధాన్ని బల్ల మీదకు తేవడం ఎలా?

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ డాకుల పక్కన, హుగ్లీ ఒడ్డున ఉంటుంది వాట్‌గంజ్. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల నిర్మాణ కేంద్రం పెట్టిన ఈస్టిండియా కంపెనీ ఇంజినీరు కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు మిగిలింది. అక్కడి నుంచి కాస్త ఉత్తరానికి వెళ్తే ఫోర్ట్ విలియం వస్తుంది. దాన్ని ఇప్పుడు విజయ్ దుర్గ్ అంటున్నారు. 1971లో తూర్పు రంగంలో యుద్ధాన్ని నడిపిన సైన్యపు తూర్పు కమాండ్ కార్యాలయం ఆ కోటలోనే ఉంది.

ఆ యుద్ధం అధికారికంగా మొదలైంది డిసెంబర్ 3న. కానీ కోల్‌కతాకు ఈశాన్యంగా, సరిహద్దుకు అవతల జెస్సోర్ జిల్లాలోని గరీబ్‌పూర్ దగ్గర ట్యాంకులు అంతకు దాదాపు రెండు వారాల ముందే తలపడ్డాయి. నవంబర్ 20 రాత్రి 14 పంజాబ్ బెటాలియన్, దానికి తోడుగా 45 కావల్రీకి చెందిన ఒక స్క్వాడ్రన్ పీటీ-76 ట్యాంకులు అక్కడికి చేరి కాచుకున్నాయి. 21 ఉదయం దట్టమైన పొగమంచులో పాకిస్తాన్ 107 బ్రిగేడ్ ఎం24 చాఫీ ట్యాంకులతో ఎదురుదాడికి దిగింది. ఆ పోరులో చాఫీల స్క్వాడ్రన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. భారత స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ తన ట్యాంకు మీద నుంచి ఆదేశాలిస్తూ మెషిన్‌గన్ కాల్పుల్లో మరణించారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర వచ్చింది. మరునాడు ఆ చుట్టుపక్కల ఆకాశంలోనే భారత నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్లను కూల్చాయి. అదే బోయ్‌రా గగన పోరాటం.

బొమ్మ ట్యాంకులతో యుద్ధ క్రీడలు ఆడేవాళ్ల కళ్లకు ఈ పోరు దాదాపు కొలిచి కుట్టినట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా ఒక్కో స్క్వాడ్రన్, ఒకే ఉదయం, ఒకే ఊరు. తలా పద్నాలుగు చొప్పున 28 చిన్న ట్యాంకులకు రంగులు వేసుకుంటే భోజనాల బల్ల మీద మొత్తం పోరును ఆడేయవచ్చు. 1944 నార్మండీకో కుర్స్క్‌కో ఇలా మొత్తాన్ని బల్ల మీద పెట్టడం ఎవరి తరమూ కాదు. అయినా ఈ అభిరుచిలో ఉన్న పుస్తకాలు, పెట్టెలు, రంగుల సూచనలు ఎక్కువగా యూరప్ యుద్ధాలవే. గరీబ్‌పూర్ ఆడాలంటే చాలావరకు ఎవరికి వారే సమకూర్చుకోవాలి.

ఆట ఎక్కడి నుంచి వచ్చింది?

చదరంగం సంగతి పక్కన పెడితే, మ్యాపు మీద పాచికలతో యుద్ధం ఆడే పద్ధతి ప్రష్యాది. రైస్విట్స్ అనే తండ్రి మొదలుపెట్టిన ‘క్రీగ్‌స్పీల్’ను కొడుకు మెరుగుపరిచి 1824లో ప్రచురించాడు. సైన్యాధికారులకు అది శిక్షణ. దాన్ని ఇంటి సరదాగా మార్చినవాళ్లలో ముఖ్యుడు రచయిత హెచ్.జి. వెల్స్. ఆయన ‘లిటిల్ వార్స్’ 1913లో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, ట్యాంకులు పుట్టకముందే, భూమి మీద నడిచే ఉక్కు కోటల గురించి కథ రాసింది కూడా ఆయనే. నేడు ట్యాంకుల ఆటల్లో బాగా ప్రచారంలో ఉన్నవాటిలో ఒకటి న్యూజిలాండ్ సంస్థ బ్యాటిల్‌ఫ్రంట్ 2002లో తెచ్చిన ‘ఫ్లేమ్స్ ఆఫ్ వార్’. ఊహాజనిత మూడో ప్రపంచ యుద్ధం మీద దాని తోబుట్టువు ‘టీమ్ యాంకీ’. ఇందులో సోవియట్ సేన వైపు కనిపించే బీఎంపీ-2 వాహనానికి తెలుగు చిరునామా ఉంది. ‘శరత్’ పేరుతో అది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైంది.

ఎంత సైజు?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే, ఎందుకంటే తర్వాత మార్చుకుంటే కొన్నదంతా వృథా. పీటీ-76 పొడవు తుపాకీ గొట్టం కాకుండా దాదాపు 6.9 మీటర్లు. 1:100 నిష్పత్తిలో అది 7 సెంటీమీటర్లు. చాఫీ ఇంకా పొట్టి, 5 సెంటీమీటర్ల చిల్లర, అంటే అగ్గిపెట్టెంత. 1:285లో పీటీ-76 రెండున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. 1:56లో 12 సెంటీమీటర్లు దాటుతుంది, అందంగానూ ఉంటుంది, కానీ 28 ట్యాంకులకు బల్ల చాలదు.

ఎక్కువమంది 1:100 దగ్గర ఆగుతారు. దీన్నే 15 మిల్లీమీటర్ల సైజు అని కూడా అంటారు, మనిషి బొమ్మ సుమారుగా అంత ఎత్తు ఉంటుంది కాబట్టి. ఇక్కడ ఒక అబద్ధాన్ని అందరూ ఒప్పుకునే ఆడతారు. బల్ల మీద మీటరు దూరమంటే ఈ లెక్కన వంద మీటర్లే, నిజమైన ట్యాంకు గుండు అంతకు ఎన్నో రెట్ల దూరం వెళ్తుంది. అందుకే నియమాల్లో దూరాన్ని ఒక కొలతతో, ట్యాంకును మరో కొలతతో కుదిస్తారు. గరీబ్‌పూర్‌కు మాత్రం ఈ బాధ తక్కువ. ఆ ఉదయం పొగమంచులో ఎవరికీ దూరం కనిపించలేదు.

రంగు: నలుపు తెలుపు ఫొటోల చిక్కు

పని వరుస పెద్ద కష్టమేమీ కాదు. బొమ్మను సబ్బు నీళ్లతో కడగాలి, లేకపోతే అచ్చుకు పూసిన నూనె మీద రంగు నిలవదు. ఆరాక ప్రైమర్. తర్వాత అసలు రంగు పల్చగా రెండు మూడు పూతలు. ఆ పైన ‘వాష్’, అంటే నీళ్లలాంటి ముదురు రంగు. అది పలకల సందుల్లోకి, మరల చుట్టూ జారి నీడలా నిలుస్తుంది. చివరికి ‘డ్రై బ్రష్’. లేత రంగు ముంచిన కుంచెను కాగితానికి తుడిచేసి, దాదాపు ఎండిపోయాక అంచుల మీద రాస్తే అంచులు మాత్రమే తేలతాయి. ట్యాంకు నిండా అంచులే కాబట్టి మనిషి ముఖం కంటే దీనికి రంగు వేయడం సులువు.

కష్టమంతా వాతావరణంతో. స్ప్రే ప్రైమర్‌కు పొడి గాలి కావాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కోల్‌కతాలో అది దొరకదు, విశాఖలోనూ దొరకదు. తేమ గాలిలో కొడితే పూత మీద తెల్లని బూజులాంటి పొర వస్తుంది, లేదా గరుకు తేలుతుంది. అప్పుడు కుంచెతో పూసే ప్రైమరే దిక్కు. చివర కొట్టే మ్యాట్ వార్నిష్‌కూ ఇదే గండం, పైగా అది వందల గంటల పని మీద కొట్టేది. వర్షాకాలంలో కుంచె పని చేసుకుని, స్ప్రే పని నవంబర్‌కు వాయిదా వేయడం మంచిది.

ఇక ఏ రంగు? రెండు ట్యాంకులూ ఆకుపచ్చవే, కానీ ఒకే ఆకుపచ్చ కాదు. చాఫీ అమెరికాలో తయారై అక్కడి ఆలివ్ డ్రాబ్‌లో, అంటే మట్టి ఛాయ ఎక్కువున్న ఆకుపచ్చలో పుట్టింది. పీటీ-76 సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. తర్వాత పాకిస్తాన్, భారత సైన్యాల వర్క్‌షాపులు వాటికి ఎన్నిసార్లు ఏ డబ్బాలోంచి రంగు వేశాయో 1971 నాటి నలుపు తెలుపు ఫొటోలు చెప్పవు. రంగు ఫొటో దొరికినా ఫిల్ము, అచ్చు, యాభై ఏళ్ల కాలం కలిసి ఛాయను మార్చేస్తాయి. మ్యూజియంలో నిలబెట్టిన ట్యాంకును చూసి రంగు కలపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ప్రదర్శన కోసం దానికి ఎవరో కొత్త పెయింటు కొట్టి ఉంటారు.

ఆట కోసమైతే దీనికి మధ్యేమార్గం ఉంది. ఒక పక్క ట్యాంకులను కాస్త పసుపు కలిపిన ఆకుపచ్చతో, మరో పక్కవాటిని గోధుమరంగు కలిపిన ఆకుపచ్చతో వేస్తే నాలుగడుగుల దూరం నుంచి కూడా ఎవరిదేదో తెలుస్తుంది. సైజు తగ్గేకొద్దీ రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, అసలు ఛాయ కంటే ఒక మెట్టు లేతగా కలపాలి. తుప్పు, గీతల విషయంలో చేయి కట్టుకోవాలి. స్పాంజి ముక్కతో అద్దే పెయింటు పెచ్చులు చూడముచ్చటగా ఉంటాయి గానీ, పోరుకు సిద్ధం చేసిన స్క్వాడ్రన్ ట్యాంకు తుక్కు దుకాణంలోని లారీలా ఉండదు. దానికి ఉండేది బురద.

పీటీ-76కు బురద మరీ ముఖ్యం. అది నీళ్లలో ఈదే ట్యాంకు. బరువు 14 టన్నులే, కవచం పల్చన, వెనక నీటిని చిమ్మే జెట్లు ఉంటాయి, ముందు అలల పలక మడిచి ఉంటుంది. తేలే లక్షణం వల్లే సిపాయిలు దానికి ‘పిప్పా’ అని పేరు పెట్టుకున్నారు. పంజాబీలో నెయ్యి డబ్బా అని. ఆ రోజు అందులో ఉన్న కెప్టెన్ బల్‌రామ్ సింగ్ మెహతా తర్వాత ‘ది బర్నింగ్ చాఫీస్’ పుస్తకం రాశారు. దాని ఆధారంగా 2023లో వచ్చిన సినిమా పేరు కూడా ‘పిప్పా’యే. పట్టాల దగ్గర, కింది అంచు దగ్గర తడి బురద ముదురుగా, పైకి వెళ్లేకొద్దీ ఎండిన బూడిద రంగు దుమ్ము. ఈ రెండు పూతలతో బొమ్మ బరువు పెరిగినట్టు అనిపిస్తుంది.

బేసింగ్: బెంగాల్ మట్టి ఎర్రగా ఉండదు

ట్యాంకులకు చాలామంది అడుగు పలక పెట్టరు, నేరుగా బల్ల మీదే నడిపిస్తారు. పదాతి దళానికి మాత్రం పలక తప్పదు. ‘ఫ్లేమ్స్ ఆఫ్ వార్’లో 50×32 మిల్లీమీటర్ల ముక్క మీద నలుగురైదుగురు సిపాయిలు నిలబడతారు. ఆ ముక్క మీద పరిచే నేలనే బేసింగ్ అంటారు. నిజానికి బల్లకు ఎదురుగా నిలబడ్డవారికి మొదట కనిపించేది నేలే. బొమ్మలకు మామూలుగా రంగు వేసి నేల బాగా చేసినా సైన్యం బాగుంటుంది, తిరగేస్తే మాత్రం బాగుండదు.

బజారులో దొరికే నేల సామగ్రి యూరప్ పచ్చికను దృష్టిలో పెట్టుకుని చేసింది. దాన్నే వాడితే సిపాయిలు ఫ్రాన్స్‌లో నిలబడినట్టు ఉంటారు. దానికి విరుగుడుగా కొందరు భారత్ అనగానే ఎర్రమట్టి పోస్తారు. అది తెలంగాణకు, లేదా బెంగాల్‌లోనే పశ్చిమాన ఉన్న బీర్‌భూమ్, బాంకురాలకు సరిపోతుంది. జెస్సోర్‌ది గంగా డెల్టా ఒండ్రుమట్టి. తడిస్తే ముదురు బూడిద గోధుమ, ఎండితే లేత బూడిద.

పైగా అది నవంబర్ మూడో వారం. ఆమన్ వరి కోతల కాలం. కొన్ని మడుల్లో పండిన పైరు, కొన్నింట్లో కోసిన మోళ్లు. కాబట్టి నేల పచ్చగా కాదు, గడ్డి రంగులో ఉండాలి. పద్ధతి చవకైనదే. జల్లించి, పెనం మీద వేడిచేసి ఆరబెట్టిన ఇసుకను ఫెవికాల్ మీద చల్లాలి. వేడి చేయకపోతే తేమ వల్ల నెలల తర్వాత బూజు పట్టవచ్చు. ఆరాక ముదురు గోధుమ, ఆ పైన బూడిద రంగు డ్రై బ్రష్. కొబ్బరి పీచును మూడు మిల్లీమీటర్లకు కత్తిరించి వరుసలుగా గుచ్చితే వరి మోళ్లు సిద్ధం. గట్ల మీద మాత్రమే కొంచెం పచ్చిక. బల్ల మీద చెరువు ఒకటి, వెదురు గుబురు ఒకటి, ఖర్జూరపు చెట్లు కొన్ని. ఖర్జూర బెల్లానికి పేరుపడ్డ జిల్లా కాబట్టి అవి లేకపోతే అది జెస్సోర్ కాదు.

ఇదే పొరపాటు బర్మా విషయంలో ఇంకా ఎక్కువ. తెలుగు పాఠకులకు దగ్గరైన ఒక రెజిమెంటు కథ ఇక్కడుంది. నిజాం రాజ్యపు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల నుంచి పుట్టినదే డెక్కన్ హార్స్. 1916 జులై 14న సోమ్ రంగంలో హైవుడ్ వద్ద 20వ డెక్కన్ హార్స్ గుర్రాల మీద ఈటెలతో దాడి చేసింది. రెండు నెలల ఒక రోజు తర్వాత, సెప్టెంబర్ 15న, అదే సోమ్ రంగంలో చరిత్రలో తొలిసారి ట్యాంకులు నడిచాయి. 1945 నాటికి డెక్కన్ హార్స్ చేతిలో షెర్మన్ ట్యాంకులు ఉన్నాయి. 255 ట్యాంకు బ్రిగేడ్‌లో భాగంగా అది మార్చి మొదట్లో బర్మాలోని మెయిక్తిలాను పట్టుకున్న పోరులో పాల్గొంది. బర్మా అనగానే బొమ్మల కింద దట్టమైన అడవి పరుస్తారు. మెయిక్తిలా ఉన్నది వానలు తక్కువ పడే మధ్య బర్మాలో. దుమ్ము, ముళ్లపొదలు, పగోడాలు, తాటిచెట్లు. రాయలసీమ మీద నుంచి తెచ్చిన ఫొటో పక్కన పెట్టుకుని బేసింగ్ చేసినా తప్పు పట్టలేరు.

సుంకం, ప్రింటర్, ఊపిరి

ఖిదిర్‌పూర్‌లో విదేశీ సరుకుకు పేరుపడ్డ ఫ్యాన్సీ మార్కెట్ ఉంది. కానీ ఈ బొమ్మలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, దిగుమతి సుంకంతో కలిపి. సుంకాల పట్టికలో ‘తగ్గించిన సైజు నమూనాలు’ పిల్లల బొమ్మలతో పాటు 9503 శీర్షిక కిందకే వస్తాయి. బొమ్మల దిగుమతి మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశీయ బొమ్మల తయారీని కాపాడటం దాని ఉద్దేశం. కొండపల్లి తెల్లపొణికి బొమ్మలకు అది మేలే కావచ్చు. 1:100 చాఫీని మాత్రం ఆ దెబ్బ కాచుకుని తయారు చేసే పరిశ్రమ ఇక్కడ కనిపించదు.

అందుకే రెజిన్ 3డి ప్రింటర్ వైపు చూపు మళ్లింది. డిజిటల్ ఫైలు కొంటే ఇంట్లోనే పద్నాలుగు ట్యాంకులు అచ్చు తీయవచ్చు. ఆ ద్రవ రెజిన్ చర్మానికి పడితే అలర్జీ తెస్తుంది, దాని ఆవిరి మంచిది కాదు, గట్టిపడ్డాక గీకినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు, కిటికీ తీసిన గది తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో, పడకగదిలో ఆ యంత్రాన్ని పెట్టకూడదు. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండే అవకాశం ఉంది, వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, కుంచె మొనను నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు మానాలి.

టరెట్లను జిగురుతో అంటించకుండా మూడు మిల్లీమీటర్ల అయస్కాంతాలు పెట్టుకుంటే మంచిది. గరీబ్‌పూర్ ఆటలో చాఫీలు చాలా వేగంగా కాలిపోతాయి. దెబ్బతిన్న ట్యాంకు టరెట్‌ను పక్కకు ఒరగదీసి, నల్లరంగు అద్దిన దూది పొగగా పెట్టడానికి అది వీలిస్తుంది. ఇక మిగిలింది పీటీ-76 పై మూతలోంచి నడుము దాకా కనిపించే కమాండర్ బొమ్మ, సెంటీమీటరు కూడా ఉండదు. మూత మూస్తే ఆ పొగమంచులో బయట ఏమీ కనిపించదు. తెరిచి నిలబడితే మేజర్ నారగ్‌కు ఎదురైనదే ఎదురుకావచ్చు. కొన్ని నియమావళుల్లో ఆటగాడు ప్రతి వంతులోనూ దీన్ని ఎంచుకోవాలి కాబట్టి, ఆ బొమ్మకూ చిన్న అయస్కాంతమే పెడతారు.