కిర్రుమనే సైకిలు వెనుక మూడు శతాబ్దాల శాస్త్రం

అండమాన్ దీవుల్లోని హోప్ టౌన్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక సంఘటనతో ముడిపడి ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో పక్కనే ఉన్న మౌంట్ హారియట్ కొండ ఎక్కి దిగివచ్చి, ఈ ఊరి జెట్టీ దగ్గర షేర్ అలీ అనే ఖైదీ కత్తిపోటుకు బలయ్యాడు. 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన ఆ కొండ ఎత్తు నాలుగు వందల మీటర్ల లోపే. అయితే ఎక్కడం సముద్రపు ఒడ్డునుంచే మొదలవుతుంది కనుక సైకిలు తొక్కేవారికి అది తక్కువేమీ కాదు. మౌంటెన్ బైక్‌కు గిట్టనివన్నీ ఇలాంటి చోట కలిసే ఉంటాయి: నిటారు దారి, ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, ఉప్పుగాలి. కొన్నాళ్లకు పెడల్ మీద బలం పడినప్పుడల్లా 'కిర్రు... కిర్రు' అని చప్పుడు మొదలవుతుంది. చైనుకు ఎంత నూనె వేసినా పోదు.

ఈ చప్పుడు ఎక్కడ పుడుతుంది? దాన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టం? జవాబు కావాలంటే ముందు ఘర్షణ చరిత్రలోకి ఒకసారి తొంగిచూడాలి.

ఇరుసు నుంచి అకాడమీ దాకా

ఎద్దుబండి ఇరుసుకు కందెన పెట్టాలని మన రైతులకు ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పనక్కర్లేకపోయింది. కాని కందెన ఎందుకు పనిచేస్తుందో వివరించడానికి చాలా కాలం పట్టింది. పదిహేనో శతాబ్దం చివర్లో లియొనార్డో డావిన్సీ దిమ్మెలను బల్లమీద జరిపి చూసి, బరువు పెరిగినకొద్దీ ఘర్షణ పెరుగుతుందనీ, తాకే వైశాల్యంతో దానికి సంబంధం లేదనీ తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. అవి అచ్చు కాలేదు. ఫ్రాన్స్‌లో అమాంటన్ ఇవే నియమాలను మళ్లీ కనుగొని 1699లో ప్రకటించాడు.

తర్వాతి మెట్టు కూలుమ్‌ది. విద్యుదావేశాల నియమంతో మీకు పరిచయమైన కూలుమే ఇతడు. యంత్రాల్లోని ఘర్షణపై చేసిన ప్రయోగాలకు 1781లో పారిస్ అకాడమీ బహుమతి పొందాడు. కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం వేరు, కదులుతున్న వస్తువును కదులుతూ ఉంచడానికి కావలసిన బలం వేరు. మొదటిదాన్ని ఎదిరించేది స్థైతిక ఘర్షణ, రెండోదాన్ని ఎదిరించేది గతిక ఘర్షణ. సాధారణంగా మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. పైగా రెండు తలాలు ఎక్కువసేపు తాకి ఉంటే కొన్ని పదార్థాల్లో స్థైతిక ఘర్షణ ఇంకా పెరుగుతుందని కూడా కూలుమ్ గమనించాడు. సైకిలు కిర్రుకు మూలం ఈ ఎక్కువ తక్కువల తేడాలోనే ఉంది.

అంటుకోవడం, జారడం

ఒక చిన్న ప్రయోగం చేయండి. బరువైన పుస్తకానికి రబ్బరు బ్యాండు తగిలించి బల్లమీద మెల్లగా లాగండి. రబ్బరు సాగుతుంది కాని పుస్తకం కదలదు. లాగుడు స్థైతిక ఘర్షణను మించగానే పుస్తకం చటుక్కున ముందుకు జారుతుంది. రబ్బరు వదులై, లాగే బలం తగ్గి, పుస్తకం మళ్లీ ఆగిపోతుంది. ఇలా అంటుకోవడం, జారడం ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. జారిన ప్రతిసారీ రబ్బరులో దాగిన శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. అందులో కొంత కంపనంగా మారితే మనకు చప్పుడు వినిపిస్తుంది. తలుపు బందు కిర్రుమన్నా, ఉయ్యాల గొలుసు మూలిగినా జరిగేది ఇదే.

వయొలిన్‌లో ఇదే సంగీతమవుతుంది. రోజిన్ రాసిన కమాను తీగను పట్టి లాగుతుంది, తీగ జారిపోతుంది, కమాను మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు 440 కంపనాల స్వరమైతే ఈ పట్టు విడుపులు సెకనుకు 440 సార్లు జరుగుతాయి. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలో ఈ కదలికను మొదట స్పష్టంగా చూపాడు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ కలకత్తాలో ఈ సమస్యను చేపట్టి, వయొలిన్ జాతి వాద్యాల యాంత్రిక సిద్ధాంతంపై 1918లో పెద్ద గ్రంథమే ప్రచురించారు. నోబెల్ బహుమతి తెచ్చిన కాంతి పరిశోధనకు ఇది పదేళ్ల ముందటి మాట.

లోహాల విషయం 1939లో తేలింది. కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, లెబెన్ అనే శాస్త్రజ్ఞులు నున్నటి లోహాలు కూడా ఒకదానిపై ఒకటి ఎడతెగకుండా జారవనీ, అంటుకుంటూ జారుతూ కుదుపులతో కదులుతాయనీ కొలిచి చూపారు. ఎంత నున్నగా కనిపించినా లోహపు తలం సూక్ష్మంగా గుట్టలు మిట్టలుగా ఉంటుంది. రెండు తలాలు నిజంగా తాకేది ఆ మిట్టల కొసల దగ్గరే. బరువు పెరిగితే కొసలు నలిగి, నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది. అమాంటన్ నియమం వెనుక ఉన్న రహస్యం ఇదే.

హోప్ టౌన్ కింద నేల

ఈ దీవుల కింద ఇదే సూత్రం భయంకరమైన పరిమాణంలో పనిచేస్తోంది. భారత భూఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున అండమాన్ కిందికి దూరుతోంది. ఫలకాల అంచులు ఘర్షణ వల్ల అంటుకుపోతే రాళ్లు స్ప్రింగులా వంగుతూ శక్తిని దాచుకుంటాయి. భూకంపాలను ఈ అంటుకుని జారడంతో వివరించవచ్చని బ్రేస్, బైయర్లీ 1966లో ప్రతిపాదించారు. 2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్ల అంచు నిమిషాల వ్యవధిలో జారిపోయింది. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగి, పల్లపు పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. సైకిలు బోల్టు దగ్గర జారుడు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉండవచ్చు, ఇక్కడ అది మీటర్లలో ఉంది. పరిమాణం వేరైనా సూత్రం ఒకటే.

చప్పుడు ఒకచోట, వినిపించేది మరోచోట

మౌంటెన్ బైక్ పుట్టుకలోనూ కందెన కథ ఉంది. 1976 నుంచి కాలిఫోర్నియాలోని మారిన్ కొండల్లో కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్లమీద మట్టిదారిలో దిగుడు పందేలు పెట్టుకునేవారు. ఒక్కసారి దిగేసరికి వెనుక చక్రం బ్రేకులోని గ్రీజు వేడికి మాడిపోయేది. మళ్లీ గ్రీజు కూరాల్సివచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. 1981లో స్టంప్‌జంపర్ అనే సైకిలుతో ఈ రకం పెద్దఎత్తున అమ్మకానికి వచ్చింది.

గేర్లు, సస్పెన్షన్ కీళ్లు చేరాక సైకిల్లో అతుకులు పెరిగాయి, వాటితోపాటు కిర్రులూ పెరిగాయి. పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఫ్రేమే. లోహంలో ధ్వని సెకనుకు సుమారు 5000 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో దాదాపు 340 మీటర్లే. సీటు కింద పుట్టిన కంపనం క్షణంలో ఫ్రేమంతా పాకుతుంది. వయొలిన్ పెట్టె తీగ స్వరాన్ని వినిపించినట్టు ఫ్రేము గొట్టాలు ఆ చప్పుడును వినిపిస్తాయి. చెవికి అది పెడళ్ల దగ్గర పుట్టినట్టే ఉంటుంది. అందుకే బాటం బ్రాకెట్ మార్పించినా కిర్రు పోని సందర్భాలుంటాయి.

కాబట్టి చెవిని కాదు, లయను నమ్మాలి. పెడల్ ఒక చుట్టుకు ఒకసారి వస్తే అనుమానం పెడల్, క్రాంక్, బాటం బ్రాకెట్ల మీద. చక్రం ఒక చుట్టుకు ఒకసారైతే చువ్వలు, ఇరుసు చూడాలి. ముందు పళ్లచక్రానికి 32 పళ్లు, చైనుకు 116 లింకులు ఉంటే చైను ఒక చుట్టు తిరగడానికి పెడల్ దాదాపు మూడున్నర చుట్లు తిరగాలి. ఆ లెక్కన వస్తే ఏదో ఒక లింకు బిగుసుకుందన్నమాట. లేచి నిలబడి తొక్కితే చప్పుడు పోతే సీటు, సీటు గొట్టం కారణం. తొక్కకుండా బ్రేకు పట్టి హ్యాండిల్‌ను ఊపితే వస్తే హెడ్‌సెట్టో స్టెమ్మో కారణం. ముఖ్యమైన నియమం: ఒకసారికి ఒక్కదాన్నే మార్చి, అదే దారిలో తొక్కి చూడాలి. నాలుగు ఒకేసారి బిగిస్తే కిర్రు పోవచ్చు, కారణం మాత్రం తెలియదు.

రెండు మందులు

అంటుకుని జారడాన్ని ఆపడానికి రెండే దారులు. జారాల్సిన చోట స్థైతిక, గతిక ఘర్షణల తేడాను తగ్గించాలి. గ్రీజు చేసేది అదే. జారకూడని చోట అసలు జారకుండా బిగించాలి. అనుమానమున్న అతుకును విప్పి, మట్టి, తుప్పు తుడిచి, పలుచగా గ్రీజు రాసి సరైన బలంతో బిగిస్తే చాలా కిర్రులు పోతాయి. బోల్టును తిప్పే బలంలో దాదాపు తొంభై శాతం మరలోనూ తల కిందా ఘర్షణకే పోతుంది. పదో వంతే బిగింపుగా మారుతుంది. అందువల్ల తుప్పు పట్టిన మర బిగిసినట్టు అనిపించినా నిజానికి వదులుగానే ఉండవచ్చు. పెడళ్లను సాధారణంగా 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తారు. 20 సెంటీమీటర్ల పానా కొసన సుమారు 19 కిలోల బరువు వేలాడినంత అది. ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉంటుందని మరవకండి.

జాగ్రత్తలు రెండు. డిస్క్ బ్రేకు మీద నూనె, గ్రీజు పడనివ్వకూడదు. కార్బన్ సీటు గొట్టానికి గ్రీజు కాకుండా దానికోసం తయారైన పేస్టునే వాడాలి.

2000 తర్వాత చాలా కంపెనీలు మరలున్న బాటం బ్రాకెట్‌కు బదులు ఒత్తి బిగించే రకం పెట్టాయి. కొలతల్లో కొద్దిపాటి తేడా ఉన్నా బేరింగు తన గూటిలో సూక్ష్మంగా కదిలి కిర్రుమనడంతో కొన్ని కంపెనీలు మళ్లీ మరలకే వచ్చాయి. కూలుమ్ చూపిన తేడాను అంత తేలికగా తప్పించుకోలేం.

చివరగా, కిర్రును కేవలం చికాకుగా తీసుకోవద్దు. విప్పి తుడిచేటప్పుడు ఫ్రేము అతుకులు, క్రాంకు, హ్యాండిల్ స్టెమ్, సీటు గొట్టం మీద సన్నని గీత ఏదైనా ఉందేమో వెలుతురులో పరిశీలించండి. పగులు అంచులు ఒకదానితో ఒకటి రాసుకున్నా ఇలాంటి చప్పుడే వస్తుంది. గీతమీద గోరు తగులుకుంటే, తుడిచినా పోకుంటే, ఆ సైకిలును కొండ మీదికి తీసుకెళ్లకండి. ఆ పగులు దిగుడు దారిలో తెగితే కాపాడే కందెన లేదు.