తగ్గడంలో ఎన్ని రకాలు? నిజాంసాగర్ చెప్పే కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చరిత్ర కథ ఉంది, పనిలో పనిగా కొన్ని ఇంగ్లీషు మాటలూ ఉన్నాయి. మెల్లమెల్లగా తగ్గడం అనేదానికి ఇంగ్లీషులో డజను మాటలకు తక్కువ లేవు. ఎగ్జామ్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు వాటన్నిటినీ ఒకే అర్థం కింద బట్టీ కొడతారు. కానీ అవి ఒకటి కావు. తేడా చూపించడానికి మా పెద్దకొడప్‌గల్ దిక్కున్న నిజాంసాగర్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు కథ. మంజీర నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. బీదర్ మీదుగా మన దిక్కు వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1923లో, అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య దీనికి అడ్డంగా డ్యామ్ పని మొదలైంది. చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1931లో పూర్తయింది. కట్ట పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. దానికోసం 40 ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2.75 లక్షల ఎకరాలు తడపాలని ప్లాన్.

కట్టినప్పుడు ఇందులో పట్టే నీళ్లు సుమారు 29.7 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో దాదాపు 2,830 కోట్లు. 1970ల్లోకి వచ్చేసరికి అదే డ్యామ్‌లో పట్టేది 11.8 టీఎంసీలే! కట్ట తెగలేదు, గేట్లు కొట్టుకుపోలేదు. నలభై ఏళ్లలో వందకి అరవై వంతులు పోయాయి, ఫలానా రోజు పోయాయని ఎవరూ చెప్పలేరు.

దీనికి ఏ మాట వాడాలి? ఒక్కొక్కటీ పెట్టి చూద్దాం.

మొదటిది 'వేన్'. చంద్రుడు కృష్ణపక్షంలో తగ్గడానికి వాడే మాట. రెండోది 'ఎబ్'. సముద్రం వెనక్కి పోవడం, మన ఆటుపోట్లలో ఆటు. ఈ రెండింటిలో ఒక భరోసా ఉంది: పోయింది మళ్లీ వస్తుంది. ఎండాకాలంలో నిజాంసాగర్ నీటిమట్టం దిగినప్పుడు ఈ మాటలు సరిపోతాయి, వానాకాలం ఉంది కాబట్టి. కానీ డ్యామ్‌లో జాగానే పోతే? అది అమావాస్య కాదు, పదిహేను రోజులాగితే తిరిగి రాదు.

మూడోది 'డ్విండిల్'. కొంచెం కొంచెంగా సన్నగిల్లడం. న్యూస్‌లో ఎక్కువగా వినపడేది ఇదే. ఇబ్బంది ఏంటంటే, ఎంత తగ్గిందో చెప్తుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు.

నాలుగోది 'ఎరోడ్'. ఇది లాటిన్‌లో కొరకడం అనే మాట నుంచి వచ్చింది. ఎలుకల జాతిని 'రోడెంట్' అనేది కూడా అదే మూలం నుంచే. అసలు కథ ఇక్కడుంది. మంజీర వచ్చే దారంతా దున్నిన భూములు. వాన పడితే నీళ్లు ఆ మట్టిని కొరికి తీసుకొస్తాయి. పారే నదికి మట్టిని మోసే బలం ఉంటుంది. డ్యామ్‌లోకి రాగానే నీళ్లు నిలబడతాయి, మట్టి కిందికి దిగుతుంది. ఇసుక ముందే ఆగిపోతుంది, మెత్తటి ఒండ్రు కట్ట దాకా వస్తుంది. దీన్ని ఇంగ్లీషులో 'సిల్ట్ అప్' అంటారు, మనం పూడిక అంటాం. పైన పొలాల్లో తగ్గిన మట్టే కింద డ్యామ్‌లో పెరిగింది.

మన తెలుగులో నీళ్లు అడుగంటాయి అంటాం కదా? నిజాంసాగర్‌లో అడుగే పైకి వచ్చింది.

ఇంకో మాట 'టేపర్'. సన్నటి కొవ్వొత్తికి పాత పేరు. పోనుపోను సన్నబడేది అని అర్థం. కాలువ కింద చివరి భూముల రైతుకు ఈ మాట డిక్షనరీ చూడకుండానే తెలుసు. నీళ్లు తగ్గినప్పుడు నష్టం అందరికీ సమానంగా రాదు, తోక నుంచి మొదలవుతుంది.

ఇక 'డిప్లీట్'. అంటే ఖాళీ చేసెయ్యడం. ఇందులో చేసేవాళ్లు ఉంటారు. 1980ల చివరికల్లా పైన మంజీర మీదే సింగూరు డ్యామ్ వచ్చింది, దాదాపు 30 టీఎంసీలు. హైదరాబాద్ తాగునీటికి అది పెద్ద ఆధారం అయింది. పట్నం దాహం అబద్ధం కాదు, కింద పంట అవసరమూ అబద్ధం కాదు. కానీ ఈ తగ్గుదల పూడిక వల్ల వచ్చింది కాదు, పంపకం వల్ల వచ్చింది. రెండింటినీ కలిపి "నీళ్లు తగ్గినయ్" అనేస్తే, అడగాల్సిన ప్రశ్న మాయమైపోతుంది.

మాట ఎందుకంత ముఖ్యం అంటారా? మాటను బట్టే మందు. 'వేన్' అయితే ఓపిక పట్టాలి. 'డిప్లీట్' అయితే వాటాల లెక్క అడగాలి. 'సిల్ట్ అప్' అయితే పూడిక తియ్యాలి, లేదా నీటిమట్టం ఎత్తు పెంచాలి. 1970ల్లో ఇక్కడ చేసింది రెండోదే. పూర్తి నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచారు, సామర్థ్యం 17.8 టీఎంసీలకు వచ్చింది. పోయినదాంట్లో మూడో వంతు చేతికొచ్చింది. దానికి కారణమైన మట్టి మాత్రం అక్కడే ఉంది.

చెరువుల విషయంలో మొదటి దారి పట్టారు. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మన సదాశివనగర్‌లోనే మొదలైంది. తీసిన ఒండ్రును రైతులు పొలాలకు తోలుకున్నారు. చూడండి, అదే మట్టి చెరువులో ఉంటే నష్టం, చేనులో వేస్తే ఎరువు. కానీ ఊరి చెరువును తవ్వినంత సులువుగా టీఎంసీల లెక్కలో ఉన్న పూడికను తవ్వలేం. అందుకే మట్టిని పైన చేను గట్ల దగ్గరే, వాగుల దగ్గరే ఆపాలి.

అరగడం, కరగడం, ఇంకడం, పూడడం, సన్నగిల్లడం. మన దగ్గర కూడా మాటలకు కొదవ లేదు. ఈసారి ఎవరైనా "ఏదో తగ్గింది" అంటే, ఇందులో ఏ రకం అని అడగండి. అరిగిందా, పూడిందా, ఎవరైనా తోడుకున్నారా? జవాబు చెప్పాలంటే వాళ్లు కారణం కూడా చెప్పాల్సొస్తది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.